జెల్లీ బాన

1950 జూన్ 1, గురువారం

ఇవాళ్టి నుంచి రాసి పెట్టుకోవాలి. కారణం ఒక్కటే. ఆఫీసులో నేనన్న మాట సాయంత్రానికి ఇంకొకరి మాటగా మారి నా దగ్గరికే తిరిగి వస్తోంది. పొద్దున "ఐస్‌క్రీం కూడా చూడాలి" అన్నాను. టీ వేళకి అది "మిస్ సగ్‌డెన్ కూడా ఐస్‌క్రీమే అంటోంది" అయింది. చూసినదాన్ని చూసిన రోజే నా చేత్తో రాసుకుంటే, తర్వాత ఎవరైనా దాన్ని మార్చాలన్నా నా చేతే మార్పించాలి. అందుకు నేను ఒప్పుకోను. ఇంట్లో చెప్పుకుందామా అంటే అమ్మ పనిచేసేది ఓల్డ్‌రాయిడ్ పంది మాంసం కొట్టులో. కాబట్టి కాగితమే దిక్కు.

జరిగింది ఇది. సోమవారం మా చాపెల్ పెంతెకొస్తు ఊరేగింపు. తెల్ల గౌన్లు, బ్యాండు, పెద్ద జెండా, దాని తాళ్ళు పట్టుకుని గాలికి ఊగిపోయే పిల్లలు, అన్నీ మామూలే. తర్వాత చాపెల్ వెనక గదిలో టీ. రొట్టె, వెన్న, సోపు గింజల కేకు, పిండి డొప్పలో పంది మాంసం కూరి కాల్చిన ఓల్డ్‌రాయిడ్ కొట్టు పోర్క్ పైలు. మాంసం ఇంకా రేషన్లోనే ఉంది కనక పోర్క్ పై వద్దన్నవాళ్ళు లేరు. ఆవరణలో బెర్తోలి ఐస్‌క్రీం బండి. మంగళవారం తెల్లవారేసరికి మా వీధుల్లో ఇంటికొకరు కడుపు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తుతున్నారు. వాంతులు, విరేచనాలు, జ్వరం. నలభై మంది దాకా మంచం పట్టారు. ముసలివాళ్ళని, చంటిపిల్లల్ని జ్వరాల ఆసుపత్రికి తీసుకుపోయారు.

నాకేమీ కాలేదు. పళ్ళేలు మోసే పనిలో పడి నేను టీకి కూర్చోనేలేదు. అమ్మకీ ఏమీ కాలేదు. రోజంతా ఆ వాసనలో ఉండే మనిషి పోర్క్ పై తినదు.

మా చీఫ్ ఇన్‌స్పెక్టర్ హెప్‌వర్త్ గారు మంచివారు. ఇది ముందే రాసుకోవాలి. కబేళా వాసనకి ఆడపిల్ల తట్టుకోలేదని తక్కినవాళ్ళంతా నవ్వినప్పుడు, "పాసైంది కదా, రానివ్వండి" అన్నది ఆయనే. నగర ఆరోగ్య శాఖలో ఆడ ఇన్‌స్పెక్టర్‌ని నేనొక్కదాన్నే. ఇవాళ ఆయన, "ఐస్‌క్రీమే అయుంటుంది మిస్ సగ్‌డెన్. ఎప్పుడూ ఐస్‌క్రీమే," అన్నారు.

రేపు బెర్తోలి దగ్గరికి వెళ్ళాలి.

జూన్ 2

బెర్తోలి షెడ్డు వాళ్ళ ఇంటి వెనకే. నన్ను చూసి రెండు చేతులూ చాచాడు.

"రండి, రండి. మీ వాళ్ళు నిన్ననే వచ్చి గరిటెలతో సహా పట్టుకుపోయారు. ఇక మిగిలింది నేనూ, మా పిల్లీ. ఎవర్ని తీసుకెళ్తారు?"

"మిమ్మల్నెవరూ తీసుకెళ్ళరు బెర్తోలి గారూ."

"ఎందుకు తీసుకెళ్ళరు? పదేళ్ళ కిందట, యుద్ధంలో, ఇటలీ వాడినని తీసుకెళ్ళి ద్వీపంలో పడేశారు. ఇప్పుడు ఐస్‌క్రీం వాడినని తీసుకెళ్తారు. ఏదో ఒకటి అవుతూనే ఉన్నాను తల్లీ."

నేను పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉన్నాడు. మా యాస మాకంటే బాగా మాట్లాడతాడు.

ఆయన ఐస్‌క్రీంకి నీలిరంగు పరీక్షలో మంచి మార్కు రాలేదు. రంగు త్వరగా తేలిపోయింది. సరకు ఇంకా శుభ్రంగా ఉండాలని దాని అర్థం. అందులో రోగం ఉందని కాదు. ఆ మాట ఆయనకి చెప్పాను. ఆఫీసులో కూడా చెప్పాను, ఎవరూ తల తిప్పలేదు.

ఇంకొకటి. అదే డబ్బాలోంచి ఊరేగింపు రోజు పొద్దున తమ కాథలిక్ చర్చి పిల్లలకి అమ్మానని చెప్పాడు. ఆ వీధులన్నీ తిరిగాను. ఒక పిల్ల మోకాలు చెక్కుకుపోయిందంతే. మిగతావాళ్ళు తాడాట ఆడుతున్నారు.

హెప్‌వర్త్ గారు విని, "వాళ్ళు మనకి నిజం చెప్పరులెండి," అన్నారు.

పిల్లలు తాడాట ఆడుతుంటే నా కళ్ళతో చూశాను. ఇందులో వాళ్ళు నాకు చెప్పాల్సిందేముంది?

జూన్ 3

పోర్క్ పై పొయ్యిలో బాగా కాలుతుంది. అంతసేపు కాలిన దాంట్లో ఏ క్రిమీ బతకదు. కేకులో వేసిన గుడ్డు పొడి చూడాలి. పాలు చూడాలి. కుళాయి చూడాలి.

జూన్ 4, ఆదివారం

చాపెల్ సగం ఖాళీ. కీర్తనలో మగ గొంతులు నాలుగే వినిపించాయి. బయటికొచ్చాక మెట్ల మీద మాటలు:

"జర్మనీ బాంబులకి చావనివాళ్ళం, ఇటలీ ఐస్‌క్రీంకి చచ్చేట్టున్నామే."

"మా ఆయనకి నాలుగు పౌండ్లు తగ్గింది. డాక్టరు చెప్తే తగ్గలేదు కానీ."

"మరి ఆ బెర్తోలి కిటికీ ఎవరు పగలగొట్టారో?"

"గాలికి పగిలింది."

"నిన్న గాలెక్కడిదే?"

"రాయికి గాలెందుకు?"

అందరూ నవ్వారు. నన్ను చూసి, కార్పొరేషన్ వచ్చిందర్రా అని ఆపేశారు. వీళ్ళ నవ్వు నాకు కొత్త కాదు. నేను వీళ్ళ ఒళ్ళోనే పెరిగాను. అందుకే ఊరుకోబుద్ధి కాలేదు. "పగిలిన కిటికీ మనదైతే ఇలాగే నవ్వేవాళ్ళమా?" అన్నాను. ఒకావిడ నా బుగ్గ పట్టుకుని, "చదువుకున్నావు కదే, కోపం రాక ఏం చేస్తుంది," అంది.

ఇంటికొచ్చాక అమ్మ ఆలుగడ్డలు చెక్కుతూ, "మీ వాళ్ళు కొట్టుకి కూడా వస్తారా?" అని అడిగింది.

"అందరి దగ్గరికీ వెళ్తామమ్మా."

"రానీ. నా బల్ల మీద పళ్ళెం లేకుండా తినొచ్చు. మీ ఆఫీసు బల్ల మీద తినగలరేమో అడుగు."

నిజమే. అమ్మ చేతులంత శుభ్రమైన చేతులు నేను ఎక్కడా చూడలేదు. సోడా నీళ్ళతో కడిగీ కడిగీ చర్మం ఎర్రగా పగిలిపోయి ఉంటుంది. పోర్క్ పై పొయ్యిలో కాలుతుంది. కాలిన దాంట్లో ఏ క్రిమీ బతకదు.

జూన్ 6

ఆసుపత్రికి వెళ్ళి మిస్ ఇబట్సన్‌ను చూశాను. ఆదివారం బడిలో నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. మా ఇంట్లో అంతవరకూ ఎవరూ బడి ముగించలేదు. అమ్మ పన్నెండేళ్ళకే పూటపనికి మిల్లులో చేరింది. నన్నూ పద్నాలుగేళ్ళకి అక్కడికే పంపబోతుంటే మిస్ ఇబట్సన్ వచ్చి, మా వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని, అమ్మ సరేననేదాకా లేవలేదు. ఈమధ్య మోకాళ్ళు పోయి మేడ దిగడం లేదు. ఊరేగింపుకి రాలేనివాళ్ళకి చాపెల్ నుంచి పళ్ళెం వెళ్తుంది, రుమాలు కప్పి. ఆవిడ పళ్ళెం ప్రతి ఏడూ నాదే. ఈ ఏడూ నేనే తీసుకెళ్ళాను.

మంచంలో చిన్నపిల్లంత అయిపోయారు. గొంతు మాత్రం అదే.

"పళ్ళెంలో ఏమేం తిన్నారు మిస్ ఇబట్సన్?"

"నువ్వే కదే తెచ్చావు, నన్నడుగుతావేం?"

"మీ నోటితో చెప్పాలి."

"పోర్క్ పై తిన్నా. కేకు నీకే తిరిగిచ్చా, గుర్తులేదూ? సోపు గింజలు పళ్ళసెట్టు కింద ఇరుక్కుంటాయని. దారిలోనే తినేసి ఉంటావు, చిన్నప్పటి నుంచీ తిండిపోతువి."

తిన్నాను. నిజమే.

"రొట్టె?"

"పక్కింటి పిల్లికి వేశా. గట్టిగా ఉంది."

"టీ?"

"నా టీ నేనే కాచుకున్నా. మీ చాపెల్ టీ టీయా?"

"ఐస్‌క్రీం ఎవరైనా తెచ్చిచ్చారా?"

"చాపెల్ నుంచి కొండెక్కి మా మేడ మీదికొచ్చేసరికి అది పాలైపోదుటే? ఏం పిల్లవే! ఇంతకీ ఏం రాస్తున్నావు?"

"మీరు చెప్పిందే."

"అయితే నేను చెప్పినట్టే రాయి. బాగుందని మార్చకు."

మార్చలేదు.

జూన్ 7

పోర్క్ పై పొయ్యిలో కాలుతుంది. పొయ్యిలోంచి తీశాక, అది ఆరుతుండగా, మూత మధ్యనున్న కన్నంలోంచి గరాటాతో జెల్లీ పోస్తారు. పంది కాళ్ళు ఉడికించిన రసం. గోరువెచ్చగా పోస్తే లోపలికి పాకి, చల్లారి, మాంసం చుట్టూ గడ్డకడుతుంది.

ఇది నాకు ఐదేళ్ళప్పటి నుంచీ తెలుసు. అమ్మ పక్కన పీట వేసుకుని నిలబడి చూసేదాన్ని. జెల్లీ పోసేది అమ్మే, అప్పుడూ ఇప్పుడూ.

శనివారం సగం వాక్యం రాసి ఆపాను. ఆదివారం మళ్ళీ అక్కడే ఆపాను. ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే, దాచింది ఎవరి దగ్గర?

సరే, మొత్తం రాస్తాను. ఆ జెల్లీ బాన ఎప్పుడూ ఖాళీ కాదు. నిన్న మిగిలినదానిలోనే ఇవాళ్టి రసం పోస్తారు. నిన్నటిది ఇవాళ్టికి తోడు, ఇవాళ్టిది రేపటికి. ముసలి మిసెస్ ఓల్డ్‌రాయిడ్ తన పుట్టింటి నుంచి ఒక గిన్నెడు తెచ్చుకుని ఈ బాన మొదలుపెట్టిందట. "ఈ బాన నాకంటే పెద్దది, మర్యాదగా ఉండు," అని అమ్మ నన్ను బెదిరించేది. రుచంతా ఆ పాతదాంట్లోనే ఉందని ఊరంతా నమ్ముతుంది. నేనూ నమ్మాను. ఆ బాన రాత్రంతా పొయ్యి అంచున గోరువెచ్చగా కూర్చుంటుంది. క్రిములకి అంతకంటే మెత్తని పరుపు ఇంకోటి లేదని నాకు పరీక్షకి చదువుకున్నప్పటి నుంచీ తెలుసు. ఒక చోట ఐదేళ్ళ పిల్లగా తెలుసు, ఇంకో చోట ఇన్‌స్పెక్టరుగా తెలుసు. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

హెప్‌వర్త్ గారికి చెప్పాను. మిస్ ఇబట్సన్ మాటలు చదివి వినిపించాను. చాలాసేపు పైపు శుభ్రం చేసుకున్నారు. "తప్పకుండా వెళ్ళండి. రేపు పొద్దున. ఓల్డ్‌రాయిడ్ గారు కౌన్సిలరు, మన ఆరోగ్య సంఘంలో సభ్యులు. నేను ముందుగా ఒక మాట చెప్తాను, మర్యాదగా ఉంటుంది," అన్నారు.

జూన్ 8

అలవాటు ప్రకారం కొట్టు పెరటి తలుపు నుంచి వెళ్ళాను. అమ్మ ఆప్రాన్ కట్టుకుని గరాటా కడుగుతోంది.

"ఏం పనిమీద వచ్చావు?"

"కార్పొరేషన్ తరఫున వచ్చానమ్మా."

"అయితే వీధి తలుపు నుంచి రా."

"అమ్మా..."

"పెరటి తలుపు నా కూతురికి. కార్పొరేషన్‌కి వీధి తలుపుంది. చుట్టూ తిరిగి రా."

చుట్టూ తిరిగి వెళ్ళాను. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందు నుంచి, చేతిలో నమూనాల పెట్టె పట్టుకుని, గల్లా పక్కన లోపలికి దారిచ్చే బల్ల పలక ఎత్తమని అడిగాను. ఓల్డ్‌రాయిడ్ గారు స్వయంగా ఎత్తారు. లావుపాటి నవ్వు. "మన ఆనిస్ కూతురే! చూడండి, చూడండి, అంతా మీదే."

చూశాను. బాన కొత్తది. నీలం అంచు తెల్ల ఎనామెల్. ధర రాసిన సుద్ద గుర్తు కూడా ఇంకా చెరగలేదు. అందులో జెల్లీ ఆ పొద్దున కాచింది.

"పాత బాన ఏమైంది?"

"బీటలు వారింది. పాతది కదా." ఆయన అమ్మ వైపు చూశారు. "అంతేగా ఆనిస్?"

అమ్మ గరాటా తుడుస్తూనే ఉంది. "ఆయన చెప్పారు కదా," అంది, నాతో కాదు, గరాటాతో.

కొత్త జెల్లీ సీసాలో నింపి మూత బిగించి లక్క వేశాను. దానివల్ల ఏమీ తేలదని నాకు తెలుసు, ఆయనకి తెలుసు. అయినా అన్నీ పద్ధతిగా చేశాను. ఒక్క మెట్టు కూడా వదల్లేదు. ఆయన నవ్వు కొంచెం సన్నబడేదాకా చేశాను.

జూన్ 9

మిస్ ఇబట్సన్ ఇవాళ పొద్దున పోయారు. పళ్ళెం తీసుకెళ్ళింది నేను.

జూన్ 12

కొత్త జెల్లీ శుభ్రంగా ఉందని వచ్చింది. హెప్‌వర్త్ గారు పిలిచి కూర్చోమన్నారు. ఆయన నన్ను కూర్చోమనడం ఇదే మొదలు.

"ముప్పయ్యో తారీకున సంఘం కూర్చుంటుంది. బెర్తోలి లైసెన్సు రద్దు చేస్తారు. ఇంతటితో అయిపోతుంది."

"మిస్ ఇబట్సన్ ఐస్‌క్రీం తినలేదు సార్."

"అది మీరు తప్ప విన్నవాళ్ళు లేరు. ఆవిడ పాపం ఇక చెప్పలేరు. జ్వరంలో ఉన్న ముసలావిడ... ఇదిగో, ఒక చిన్న ప్రకటన. టీలో వడ్డించిన పదార్థాలన్నీ ఆవిడకి పంపారని. అంతే. ఐస్‌క్రీం అన్న మాట కూడా లేదు చూడండి."

"లేకపోయినా అందులో ఉంది సార్."

"మిస్ సగ్‌డెన్, నేను మీ అమ్మగారి కోసం చెప్తున్నాను. జెల్లీ అంటే ఎవరు? ఓల్డ్‌రాయిడా? గరాటా ఆయన చేతిలో ఉందా? ఊరు ఎవరి వైపు వేలు చూపిస్తుంది?"

నేను ఆ కాగితం బల్ల మీద ఆయన వైపు జరిపాను. అది చూసి ఆయన గొంతు మెత్తబడింది. బడి వంటశాలల విభాగానికి మనిషి కావాలట, నా పేరే అనుకుంటున్నారట.

"బెర్తోలికి ఇది రెండోసారి సార్, చేయనిదానికి," అన్నాను.

"ఆలోచించుకోండి."

"ఆలోచించే చెప్తున్నాను. సంతకం పెట్టను."

ఆయన మంచివారు. నాకు ఉద్యోగం ఇప్పించారు. మర్యాదగా ఒక మాట చెప్తానన్నారు, చెప్పారు.

జూన్ 13

సంతకం పెట్టలేదు.

జూన్ 14

పెట్టలేదు. టీ దగ్గర చక్కెర గిన్నె నా దాకా రాలేదు. చక్కెర లేకుండానే తాగాను, కప్పు చివరిదాకా, వాళ్ళ మొహాలు చూస్తూ.

జూన్ 15

మిస్ ఇబట్సన్ అంత్యక్రియలు. శ్మశానం గేటు బయట బెర్తోలి, టోపీ చేతిలో పట్టుకుని.

"లోపలికి రండి," అన్నాను.

"వద్దన్నారు. గేటు దాకా రావచ్చు కదా. గేటు కార్పొరేషన్‌ది. ప్రతి వేసవీ ఆవిడ కిటికీలోంచి బుట్ట దించేది, ఒక కోను వేసి పంపేవాణ్ణి. ఈ ఏడు బుట్ట దించలేదు. పంతులమ్మ అలిగిందేమో అనుకున్నా."

నేనూ గేటు బయటే ఆయన పక్కన నిలబడ్డాను. కీర్తన అక్కణ్ణుంచే పాడాను. మా వీధివాళ్ళు లోపలి నుంచి చూస్తున్నారు. చూడనీ అనిపించింది. అమ్మ కూడా చూసింది. తల తిప్పుకోలేదు.

జూన్ 17, శనివారం

అలమరలో వెన్న కోసం వెతుకుతుంటే, అడుగున రాతి పలక మీద ఒక గిన్నె కనిపించింది. తడిగుడ్డ కప్పి, దారం కట్టి ఉంది. విప్పాను. జెల్లీ. మబ్బుగా, పాత తేనె రంగులో.

అమ్మ వెనకే నిలబడి ఉంది.

"ముట్టుకోకు."

"ఇది ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి. బానలోది. మొత్తం పారబోసి బాన పగలగొట్టమన్నాడు. మూడు తరాల బాన, ఒక్క బాల్చీ వేణ్ణీళ్ళతో పోవాలా? ముసలమ్మ చచ్చిపోతూ నా చేతిలో పెట్టి వెళ్ళింది, కొడుక్కి కాదు. ఓ గిన్నెడు తెచ్చుకున్నా. మీ గొడవ సద్దుమణిగాక కొత్తదాంట్లో తోడు వేద్దామని."

నేను పీట మీద కూర్చున్నాను. రేపోమాపో తోడు వేసి ఉండేది. మళ్ళీ మొదలయ్యేది.

"ఎప్పుడు పారబోయమన్నాడు?"

"నువ్వు పెట్టె పట్టుకుని వచ్చావే, ముందురోజు సాయంత్రం. ఫోన్ వచ్చింది, మాట్లాడాడు, వచ్చి పారబోయమన్నాడు."

"మిస్ ఇబట్సన్ ఇందులోదే తిన్నారమ్మా."

"ఏమన్నావ్?" రెండు చేతులూ నా మొహం మీదికి చాచింది. "చూడు. ఈ చేతులు చూసి చెప్పు. ఈ చేతులతో మురికి పెట్టానా? ఇరవయ్యేళ్ళుగా ఒక్కరికి కడుపునొప్పి రాలేదే!"

"మురికి కాదమ్మా. నీ చేతుల్లో ఏమీ లేదు. గోరువెచ్చగా రాత్రంతా ఉండటంలో ఉంది. మునుపు ఎందుకు రాలేదంటే... మునుపు రోజూ పొద్దున మొత్తం మరగబెట్టేదానివి. నేను చూశాను. బుడగలొచ్చేదాకా పీట దిగనిచ్చేదానివి కాదు."

అమ్మ చాచిన చేతులు దించింది.

"ఇప్పుడు మరగబెట్టడం లేదా?"

"గ్యాసు ఎక్కువ కాలుతోందన్నాడు." గొంతు చాలా చిన్నగా వచ్చింది. "పోయిన చలికాలం. మాటిమాటికీ మరిగిస్తే జెల్లీ పలచనైపోతుంది, కొత్తగా వెయ్యడానికి పంది కాళ్ళు ఎక్కడ దొరుకుతున్నాయి, వెచ్చగా ఉంటే చాలు అన్నాడు. నేను ఒకటి రెండుసార్లు అడిగా. తర్వాత అడగలేదు."

ఆ గిన్నె పట్టుకుని నేను ప్రయోగశాలకి పరిగెత్తవచ్చు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "దాన్ని తీసుకెళ్తే నన్ను తీసుకెళ్ళినట్టే," అంది.

"నేను తీసుకెళ్ళను. మా అమ్మ అలమరలోంచి దొంగిలించి ఇన్‌స్పెక్టరు అనిపించుకోను. నువ్వే ఇవ్వాలి. కానీ ఇది మళ్ళీ బానలో పడనివ్వను. అలమర ముందే పడుకుంటాను."

"పడుకో. నేల చల్లగా ఉంటుంది, దుప్పటి తెచ్చుకో."

జూన్ 18, ఆదివారం

అమ్మ చాపెల్‌కి వెళ్ళలేదు. నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. మధ్యాహ్నం దాకా వంటింట్లో, ఒకప్పుడు మిస్ ఇబట్సన్ కూర్చున్న కుర్చీకి ఎదురుగా కూర్చుంది. నేను అలమర ముందు.

జూన్ 19

పొద్దున లేచేసరికి అమ్మ ఆదివారం టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉంది. గిన్నె రుమాల్లో కట్టి ఒళ్ళో పెట్టుకుంది. పళ్ళేలకి కప్పే చాపెల్ రుమాలే.

"ఎక్కడికి తీసుకెళ్ళాలో చూపించు. మోసేది నేనే."

ట్రాములో కండక్టరు, "ఏం తీసుకెళ్తున్నావమ్మా గిన్నెలో? మాకూ కాస్త పెట్టకూడదూ?" అన్నాడు.

"నువ్వు తట్టుకోలేవు నాయనా," అంది అమ్మ.

దారంతా నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఏడుపు కూడా. అమ్మ మాత్రం తిన్నగా కూర్చుంది. ప్రయోగశాల డాక్టరు చేతికి గిన్నె ఇస్తూ, "గిన్నె మాత్రం నాకు తిరిగివ్వాలి. మా అత్తగారిది," అని చెప్పింది.

జూన్ 21

గిన్నెలో ఉన్నదీ, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళలో దొరికిందీ, మిస్ ఇబట్సన్‌లో దొరికిందీ ఒకటే. డాక్టరు ఫోన్లో చెప్పి కాగితం పంపాడు.

హెప్‌వర్త్ గారు చదివి బల్ల మీద బోర్లా పెట్టారు.

"ఇది మీ ఇంటి అలమరలోంచి వచ్చింది. కొట్టుదని ఎవరు చెప్తారు?"

"మా అమ్మ."

"చెప్పదు. చెప్తే ఉద్యోగం పోతుంది. మనిషిని చంపిన చెయ్యి అంటారు. ఏ తల్లీ అలా..." ఆగి, "మీరు చెప్పనివ్వకూడదు," అన్నారు. "ఇది ఇక్కడితో వదిలేయండి."

"బెర్తోలి గారికీ ఇదే మాట చెప్తారా సార్? ఇక్కడితో వదిలేయమని?"

బయటికి వెళ్ళమన్నారు. కూర్చోమన్న మనిషే. బోర్లా పెట్టిన కాగితం తీసుకుని వచ్చాను. అది నా పేరున వచ్చింది.

జూన్ 22

ఆయనన్నది దాచకుండా అమ్మకి చెప్పాను. మనిషిని చంపిన చెయ్యి అన్న మాటతో సహా. అమ్మ చాలాసేపు తన చేతులే చూసుకుంది. తర్వాత లేచి కాగితం, కలం అడిగింది.

"నువ్వు చెప్పు, నేను రాస్తాను," అన్నాను.

"నువ్వు రాస్తే నువ్వే కల్పించావంటారు. నేనే రాస్తా. నువ్వు అటు తిరుగు, చూస్తుంటే నాకు రాదు."

గోడవైపు తిరిగి కూర్చున్నాను. సాయంత్రమంతా పట్టింది. మధ్యలో రెండుసార్లు కాగితం చింపిన చప్పుడు. చివరికి చదవమని ఇచ్చింది. అరపేజీ. పోసింది నేనే అని ఉంది. మరగబెట్టొద్దన్నది ఆయన, ఎందుకు అని మళ్ళీ అడగనిది నేను అని ఉంది. ఏ రోజు పారబోయించాడో, ఎందుకు గిన్నెడు దాచుకుందో ఉంది. చివరి వాక్యం: మిస్ ఇబట్సన్ నా కూతురికి చదువు చెప్పించింది, ఆవిడ విషయంలో అబద్ధం ఆడను.

ఒక్క అక్షరం దిద్దలేదు.

"రేపు పనికి వెళ్తావా?" అని అడిగాను.

"వెళ్తా. ఇదే ఆయనకి కూడా చెప్పి వస్తా. వీధి తలుపు నుంచి వెళ్తా."

జూన్ 23, శుక్రవారం

అమ్మ పదింటికల్లా తిరిగొచ్చింది, ఆప్రాన్ మడిచి చంకలో పెట్టుకుని. "వరసలో నిలబడ్డవాళ్ళందరూ విన్నారు," అంది, అంతే. టీ పెట్టుకుంది.

హెప్‌వర్త్ గారిని దాటి పైకి రాస్తున్నాను. ఇది దాని నకలు.

నగర ఆరోగ్యాధికారి డాక్టరు గారికి,

పెంతెకొస్తు సోమవారం జబ్బు ఓల్డ్‌రాయిడ్ కొట్టు జెల్లీ నుంచి వచ్చింది. బెర్తోలి గారి ఐస్‌క్రీం నుంచి రాలేదు. మిస్ ఇబట్సన్ ఆసుపత్రిలో నాతో చెప్పిన మాటలు ఆవిడ చెప్పినట్టే, ప్రయోగశాల ఫలితం, మా అమ్మ ఆనిస్ సగ్‌డెన్ సొంతంగా రాసిన వాంగ్మూలం దీనితో జతచేస్తున్నాను. నేను కొట్టుకి వెళ్ళబోతున్నానని ముందురోజే అక్కడికి కబురు వెళ్ళింది. ఆ కబురు మా ఆఫీసు నుంచే వెళ్ళింది.

నాకు ఇవ్వజూపిన ప్రకటన మీద సంతకం పెట్టలేదు, పెట్టను. నన్ను ఏ విభాగానికి మార్చినా ఈ మాట మారదు. మా అమ్మ తప్పుంటే అది ఆమె తన చేత్తో రాసింది. మిగతావాళ్ళు కూడా వాళ్ళవి రాయాలి.

కోరేది రెండే. ముప్పయ్యో తారీకు సమావేశం నుంచి బెర్తోలి గారి పేరు తీసేయండి. మా అమ్మనీ నన్నూ సంఘం ముందు మాట్లాడనివ్వండి. మాట్లాడనివ్వకపోతే ఆ రోజు మేమిద్దరం, బెర్తోలి గారు, టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి, అడిగినవాళ్ళందరికీ ఇదంతా చదివి వినిపిస్తాం.

జూన్ 28, బుధవారం లోపల మీ జవాబు కాగితం మీద ఇప్పించవలసింది. మనిషిని పంపేటట్లయితే మా ఇంటి వీధి తలుపు తట్టమనండి.

ఎడ్నా సగ్‌డెన్
శానిటరీ ఇన్‌స్పెక్టర్